కింది గడియ

ముందు నీళ్ల చప్పుడు వినిపించింది.

ఫోను తెర మీద ఇంకా బొమ్మ లేదు. బూడిదరంగు చీకటిలో తెల్లని వలయం ఒకటి తన తోకను తానే తరుముకుంటూ తిరుగుతోంది. బొమ్మ కంటే ముందు చప్పుడు దారి తెలుసుకుని వచ్చేసింది. నిండిన దాని మీద ఇంకా నిండుతున్న నీళ్లు, పొర్లి నేల మీద పడుతున్న నీళ్లు. వాటి కింద, ఏటి అడుగున రాయిలా, సన్నని ఏడుపు.

“కోమలీ, యాడుండావు? ఏందా చప్పుడు?” అన్నాడు గిరి.

“మామా, సామి బాత్రూములో ఉండాడు. లోపల గడేసుకున్నాడు. తియ్యను చేతకావడం లేదు వానికి.”

“ఏ గడి?”

కోమలి గొంతు తగ్గించింది. నీళ్లు మాత్రం తగ్గలేదు.

“నువ్వు బిగించిందే మామా. కిందిది.”

గిరి ఉన్నది పలమనేరులో. పాల శీతలీకరణ కేంద్రంలో పొద్దుటి క్యాన్లన్నీ దిగాక, వెన్న శాతం చూసే గాజు గొట్టాల ముందు నిలబడి ఉన్నాడు. ఇల్లు తిరుపతిలో, అలిపిరికి పోయే దారి పక్క సందులో ఉంది. నడుమ మొగిలి కనుమ ఉంది, చిత్తూరు ఉంది, బస్సు ఎంత తొందరపడినా తరగని దారి ఉంది. వారమంతా అతడు ఇక్కడ, వాళ్లు అక్కడ. ఆదివారం ఒక్కటే ఆ ఇంటికి అతడు మనిషి.

బొమ్మ వచ్చింది. ముందుగా కనిపించింది అల్యూమినియం రేకు. స్నానాలగది తలుపు కింది సగం తడికి నాని పొరలు పొరలుగా ఊడిపోతుంటే, వానాకాలంలో ఒక ఆదివారమంతా చతికిలబడి కూర్చుని గిరి తన చేతులతో కొట్టిన రేకు అది. కోమలి చెయ్యిని గుర్తుపట్టక ముందే అతడు ఆ మేకుల వరుసను గుర్తుపట్టాడు.

“అమ్మ యాడ?”

“ఈడే ఉండాను రా,” తల్లి సుబ్బులమ్మ గొంతు వినిపించింది. “బియ్యం ఏరతా ఉంటి. నా కొంగు పట్టుకొనే కూసోనుండె. ఎప్పుడు లేసినాడో తెలవనే లేదు.”

“సామీ, ఏడవొద్దు రా బంగారూ,” కోమలి తలుపుకు నోరు ఆనించి పిలుస్తోంది. “గడి పక్కకు లాగు. అవ్వ లాగుతుంది కదా, అట్ల.”

లోపలి ఏడుపు కొంచెం ఆగి, విని, అర్థంకాక, మళ్లీ మొదలైంది. సామికి మూడో ఏడు నడుస్తోంది. వేయడం వచ్చిన గడియను తీయడం ఇంకా రాలేదు.

గిరి ఇంటి పనులన్నీ ఫోనులో చూసి నేర్చుకున్నవే. శనివారం సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరో ఎక్కడో రంపం పట్టి చేసి చూపిస్తుంటే అతడు గాలిలో వేళ్లు కదిలిస్తూ నేర్చుకునేవాడు. ఆదివారం ఉదయానికి ఆ పని ఇంట్లోకి వచ్చేది. అద్దె ఇల్లే. అయినా పై అంతస్తులో ఉండే ఇంటి యజమానురాలు రంగనాయకమ్మ ఏనాడూ అడ్డు చెప్పలేదు. “నాకెందుకప్పా బాధ, మంచిదే కదా,” అని నవ్వేది. పోయేటప్పుడు మాత్రం, “నీ మొగుడు ఆదివారం వచ్చినాడంటే గోడలు ఒణకతాయి కదమ్మే,” అని కోమలిని ఆటపట్టించేది.

కింది గడియ కథ వేరు. అది సరదాకు చేసింది కాదు.

మొన్నటి వేసవిలో సుబ్బులమ్మ జారి పడింది. ఎముక అతుక్కుంది గానీ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. తలుపుకు ఉన్న పాత గడియ పైన, బాగా పైన ఉంది. అది అందక ఆమె తలుపు దగ్గరగా వేసి, నీళ్లు పోసుకున్నంతసేపూ దగ్గుతూ ఉండేది. లోపల మనిషి ఉందని తెలియాలి కదా. రాని దగ్గును తెచ్చుకుంటూ, తలుపు వైపే చూసుకుంటూ, ఒక ముసలి ప్రాణం ఒళ్లు కడుక్కోవడం గిరికి ఒక ఆదివారం బయటి నుంచి వినబడింది. ఆ దగ్గు అతని వెంట పలమనేరు దాకా వచ్చింది. మరుసటి ఆదివారం అతడు కింద, ఆమె నడుము ఎత్తున, కొత్త గడియ బిగించాడు. గరుకు కాగితంతో కమ్మీని రుద్ది రుద్ది, కొబ్బరినూనె పూసి, చిటికెన వేలితో జరిగేలా చేశాడు. సుబ్బులమ్మ దాన్ని అటూ ఇటూ జరిపి చూసుకుంది. చిన్నపిల్లలా మళ్లీ జరిపింది.

“ఎన్నపూస మాదిరి పోతా ఉండాది రా,” అంది.

ఆ మాటను అతడు ఆ వారమంతా దాచుకుని దాచుకుని తిన్నాడు. అవ్వ నడుము ఎత్తు, మనవడి చేతికి అందే ఎత్తు ఒక్కటేనని అతనికి తోచనే లేదు.

“పగలగొట్టేయ్ కోమలీ,” అన్నాడు. “రోకలి తీసుకో. రేకు మీద కాదు, గడి కాడ కొట్టు.”

ఫోను ఎక్కడో నేల మీద పెట్టారు. తెర నిండా పైకప్పు, తిరగని ఫ్యాను. రోకలి దెబ్బ పడింది. తలుపు ఊగింది, ఊడలేదు. మళ్లీ పడింది. గడియ మరలు కదలలేదు. పొడవాటి మరలు ఏరి కొన్నవాడు, ఒక్కొక్కటీ అరచెయ్యి ఎర్రబడే దాకా బిగించినవాడు, ఇక్కడ పళ్లు బిగించి అక్కడి దెబ్బలు వింటున్నాడు. జన్మలో మొదటిసారి తన పని చెడిపోవాలని కోరుకున్నాడు. అది చెడలేదు.

దెబ్బ దెబ్బకూ లోపల బిడ్డ కేక పెడుతున్నాడు. ప్రతి కేకా ముందరి దానికంటే దూరం నుంచి వస్తోంది.

“నిలుపమ్మే!” సుబ్బులమ్మ అరిచింది. “బిడ్డ అదురుకొని ఎనక్కి పోతా ఉండాడు. తొట్టి కాడికి పోతా ఉండాడు.”

రోకలి ఆగింది. నీళ్ల చప్పుడు ఒక్కటే మిగిలింది.

తొట్టి అంటే ఆ గదిలో వెనక గోడకు కట్టిన సిమెంటు తొట్టి. అది ఆ ఇల్లు కట్టిన నాటిది, సగం నేలలోకి దిగినది, సామి కంటే లోతైనది. దాని మీద ఉండే పాత కొళాయి బిగుసుకుపోతే, పోయిన నెలలోనే గిరి దాన్ని తీసేసి, వేలితో తిప్పితే చాలు తెరుచుకునేది అమర్చాడు.

అప్పుడే పలమనేరులో, గిరి ఉన్న పరీక్షగదిలోకి డిల్లీబాబు వచ్చాడు. పాల ట్యాంకరు నడుపుతాడు, గిరి అంటే ప్రాణం, ఎగతాళి అంటే ఇంకా ప్రాణం.

“ఏమప్పా ఇంజనీరూ, ఈ ఆదివారం ఏం బిగించబోతావు? అన్నీ అయిపోయినట్టుండాయి. ఇంక ఓనరమ్మను గోడకు బిగించేసి రా, అద్దె అడక్కుండా ఉంటాది...”

గిరి మొహం చూసి మాట మింగాడు. ఫోనులోకి తొంగి చూశాడు. విషయం తెలిసేసరికి తల మీది టోపీ చేతిలోకి వచ్చేసింది.

“పద, బండి తీస్తా. పోదాం.”

“ఎప్పటికి పోతాం బాబూ?”

డిల్లీబాబు గోడ గడియారం వైపు చూశాడు. టోపీని చేతిలో తిప్పుతూ అక్కడే నిలబడిపోయాడు.

“మామా, నేను ఎనక సందులోకి పోతా ఉండా,” కోమలి ఫోను ఎత్తుకుంది. తెర మీద వంటిల్లు, పెరటి గడప, గోడ ఊగుతూ పరిగెత్తాయి. ఆమె చాకిరేవు బండ మీదికి ఎక్కింది. తొట్టికి సరిగ్గా పైన, గోడలో గాలికని విడిచిన చిన్న కిటికీ ఉంది. దోమలు వస్తున్నాయని, సామికి జ్వరం తగిలిన నెలలో, దానికి లోపలి వైపు నుంచి ఉక్కు జల్లెడ వేసి చెక్కపట్టీలతో కొట్టింది కూడా గిరే. పిల్లవాడి వేలు కూడా దూరదని ఆ రోజు పొంగిపోయాడు.

ఆమె ఫోనును జల్లెడకు ఆనించింది.

గిరి తన కొడుకును చూశాడు. చిన్న చిన్న గళ్లలోంచి, నీలి వెలుతురులో, చుక్కలు చుక్కలుగా చూశాడు. ఎర్ర చొక్కా. తడిసి నుదుటికి అంటుకున్న జుట్టు. తొట్టి నిండి నాలుగు వైపులా పొర్లుతోంది. తొట్టి పక్కన చిన్న పీట. పళ్లు తోముకునేటప్పుడు అందడం లేదని పాత ప్యాకింగు చెక్కతో గిరి చేసిచ్చిన పీట, కాళ్లు ఊగకుండా అడ్డకమ్మీలు వేసిన పీట. సామి దాని మీద నిలబడి ఉన్నాడు.

“సామీ!” అంది కోమలి. తల్లి కదా, అనకుండా ఉండలేకపోయింది.

బిడ్డ తలెత్తాడు. జల్లెడ వెనక అమ్మ మొహం కనిపించింది. ఏడుపు ఆగిపోయింది. రెండు చేతులూ పైకి చాచాడు. చాచిన చేతులు అందలేదు. పీట మీది నుంచి ఒక కాలు ఎత్తి తొట్టి గట్టు మీద పెట్టాడు. గట్టు నున్నగా, తడిగా, పాచిరంగులో మెరుస్తోంది. రెండో కాలు కూడా పెట్టాడు.

“కోమలీ, దిగు!” గిరి అరిచాడు. “నువ్వు కనపడొద్దు! నిన్ను సూసే ఎక్కతా ఉండాడు. దిగు!”

తల్లి బండ మీది నుంచి దిగి గోడకు వీపు ఆనించి కూలబడింది. గోడకు ఇవతల ఆమె, అవతల బిడ్డ. పిలిస్తే ఇంకా ఎక్కుతాడు. పిలవకపోతే నీళ్లవైపు చూస్తాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ కొంగు మీదుగా వచ్చిన ధ్వనికి భాషలో అక్షరాలు లేవు.

“మామా, ఏం చేసేది? చెప్పు మామా. ఏమన్నా చెప్పు.”

ఎన్ని ఆదివారాలు, ఎన్ని పనులు. మేకు వంగితే ఏం చెయ్యాలో తెలుసు, మర తిరగకపోతే ఏం పుయ్యాలో తెలుసు. ఇది మాత్రం ఏ ఆదివారమూ నేర్పలేదు.

“పైన రంగనాయకమ్మ...”

“లేదు. బీగమేసుకొని కాణిపాకం పోయినాది.”

“రోడ్డు మీదికి పో. ఆటోల కాడ ఎవురన్నా ఉంటారు. గడ్డపార తెమ్మను. బిన్నా ఉరుకు. ఫోను అమ్మకియ్యి.”

కోమలి పరిగెత్తిన చప్పుడు కొంతదూరం వినిపించి, వీధి గోలలో కలిసిపోయింది.

ఇప్పుడు తలుపు దగ్గర సుబ్బులమ్మ ఒక్కతే. ఆమెకు ఫోను ఎలా పట్టుకోవాలో ఎప్పుడూ కుదరదు. తెర మీద ఆమె చెవి, తెల్లబడిన జుట్టు, కమ్మ.

“మా, ఫోను తలుపుకు పెట్టు. నేను పిలస్తా.”

ఆమె పెట్టింది. గిరి పరీక్షగది అదిరేలా “సామీ! నాయనా!” అని అరిచాడు. బయట క్యాన్లు కడుగుతున్నవాళ్లు తలలు తిప్పారు. ఇంటి దగ్గరి ఆ ఫోను ఒకసారి సామి చేతిలోంచి అదే తొట్టిలో పడి మునిగింది. అప్పటి నుంచి దాని గొంతు కీచుమనడమే తప్ప బలంగా పలకదు. పలమనేరంతా విన్న కేక, రేకు వేసిన ఆ తలుపును దాటలేదు.

“ఇనపడలేదు రా,” అంది సుబ్బులమ్మ. “నాకే సరిగ్గా ఇనపడ్లేదు.”

“కిందికి వంగు మా. తలుపు అడుగున రబ్బరు పట్టీ ఉంటాది చూడు. దాన్ని పీకేయ్.”

బొద్దింకలు రాకుండా అతడు అంటించిన పట్టీ అది. సుబ్బులమ్మ నేల మీద పడుకుంది. ఎడమచేతి గోళ్లతో లాగింది. అతని పనుల్లో ఆ రోజు ఊడివచ్చింది అదొక్కటే. వేలెడు సందు ఏర్పడింది. అందులోంచి నీళ్లు జారి ఆమె చెంప తడిపాయి.

“సామీ,” సందులోకి పిలిచింది. “ఓ సామీ. అవ్వ కాడికి రా నాయనా.”

చప్పుడు లేదు.

“కనపడతా ఉండాడా మా?”

“కాళ్లు కనపడతా ఉండాయి. గట్టు మీదనే ఉండాడు. అటు తిరుక్కోనుండాడు రా. ఆ కిటికీ కల్లే చూస్తా ఉండాడు. వాళ్లమ్మ మళ్లా వస్తాదని.” ఆమె ఊపిరి తీసుకుంది. “నేను పిలిస్తే తిరగడు. సామీ సామీ అని దినమంతా పిలస్తానే ఉంటా కదా. ఆ పిలుపు వానికి గాలి మాదిరి. తిరగడు.”

గిరి కళ్లు మూసుకున్నాడు. మూసుకుంటే ఎర్ర చొక్కా కనిపిస్తోంది. తెరిచాడు.

“అంగన్‌వాడీలో అయితే...” అని సుబ్బులమ్మ ఆగింది.

“అంగన్‌వాడీలో ఏంది మా?”

“సెలవు లేని దినం పొద్దున్నే ఇడిసిపెట్టి, కిటికీ కాడ నిలబడి సూస్తాను కదా. ఆడ టీచరు అసలు పేరు పెట్టి పిలుస్తాది. పిలిస్తే సాలు, వీడు ఏం చేస్తా ఉన్నా ఇడిసేసి లేస్తాడు. లేసి ‘పెజెంటు టీచర్’ అని గబగబా ఆమె కాడికి పోతాడు. పోకుంటే గుగ్గిళ్లు పెట్టరని వాని భయం.”

ఇద్దరికీ ఒకటే తోచింది.

“అయితే పిలువు మా,” అన్నాడు గిరి.

“నేనా?”

“ఆడ నువ్వు తప్ప ఎవురూ లేరు.”

“ఆ పేరు నేనెట్ల పలికేది రా?”

ఆమె ఆ పేరు పలకదు. పెళ్లినాటి నుంచీ పలకలేదు. ఆసుపత్రిలో గానీ, రేషను దుకాణంలో గానీ భర్త పేరు అడిగితే ఆమె నోరు తెరవక కుడిచెయ్యి ముందుకు చాచేది. ముంజేతి మీద పచ్చబొట్టుగా ఆ అక్షరాలు ఉన్నాయి. చదువుకోండి అన్నట్టు నిలబడేది. తిరుపతిలో పుట్టి పెరిగిన మనిషి. ఇంటి ముందు నుంచి నడకదారి యాత్రికులు గుంపులు గుంపులుగా అలిపిరికి పోతూ ఎలుగెత్తి ఏ పేరు పిలుస్తారో ఆ పేరే ఆమె భర్త పేరులో ఉంది. అందరూ పిలుస్తుంటే ఆమె చేతులు జోడించి పెదవులు మాత్రం కదిలించేది. కొండ మెట్లెక్కినప్పుడు కూడా “సామీ, సామీ” అంటూనే ఎక్కింది.

భర్త పోయిన మరుసటి ఏడు మనవడు పుట్టాడు. గిరి తండ్రి పేరే పెట్టాడు. పెట్టాక ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇంట్లో లేకపోయారు. మామ పేరు పెట్టి బిడ్డను తిట్టడం కోమలి వల్ల కాలేదు. తల్లి ఎదుట నాయన పేరును కేకేయడానికి గిరికి నోరు రాలేదు. సుబ్బులమ్మ దేవుణ్ని పిలుచుకున్నట్టే మనవణ్నీ సామి అంది. అందరికీ వాడు సామే అయ్యాడు.

“మీ నాయన పొయ్యేటప్పుడు కూడా నేను పలకలేదు రా,” సుబ్బులమ్మ గొంతు నేల మీది నుంచి వస్తోంది. “ఆ దినం డాక్టరమ్మ చెప్పింది, గెట్టిగా పేరు పెట్టి పిలువు, తెలివి వస్తాదేమో అని. నా నోరు లేవలేదు. నిన్ను పిలవమంటిని. నువ్వు నాయనా నాయనా అంటివి. పేరు పెట్టి ఎవురూ పిలవలేదు.”

గిరికి ఆ రోజు గుర్తుంది. తల్లి మంచం పట్టె పట్టుకుని నిలబడటం గుర్తుంది. ఆమె పెదవులు కదలడమూ గుర్తుంది. ఆ పెదవుల వెనక ఏముందో అతనికి ఇప్పుడు తెలిసింది.

“మా,” అన్నాడు. బతిమాలడానికి కూడా బలం కావాలి.

“కాలు జారతా ఉండాది రా వానికి,” అంది సుబ్బులమ్మ. “మునివేళ్ల మీద లేస్తా ఉండాడు.”

తర్వాత జరిగినవన్నీ గిరికి తెలుసు. బిడ్డ వెనక్కి తిరిగాడు, గట్టు మీది నుంచి పీట మీదికి, పీట మీది నుంచి నేలకు దిగాడు. తడి పాదాలు టపటపమంటూ తలుపు దగ్గరికి వచ్చాయి. అవ్వ సందులోంచి వేలు చూపించి ఎటు లాగాలో చెప్పింది, గడియ వెన్నపూసలా జరిగింది. కోమలి గడ్డపారతో, ఇద్దరు ఆటోవాళ్లతో రొప్పుతూ వచ్చేసరికి అవ్వా మనవడూ ఒకే కొంగులో తడిసి కూర్చుని ఉన్నారు. అది విని డిల్లీబాబు టోపీతో కళ్లు తుడుచుకుని, తుడుచుకోలేదని దబాయించాడు. ఆ ఆదివారం గిరి కింది గడియ ఊడదీశాడు. మరలు ఊడిన గుంతల్లో మైనం పూడ్చాడు. ఇంకో ఉపాయం ఏదైనా ఉంటుందేమోనని ఆ తలుపు ముందు చాలాసేపు కూర్చున్నాడు. తోచలేదు. లోపల సుబ్బులమ్మ తలుపు దగ్గరగా వేసుకుని, మునుపటిలాగే దగ్గుతూ నీళ్లు పోసుకోసాగింది.

అవన్నీ తర్వాతివి. అప్పటికి మాత్రం నీళ్ల చప్పుడు ఉంది, దాని ముందు నేల మీద చెంప ఆనించి పడుకున్న ఒక మనిషి ఊపిరి ఉంది. ఆమె మొదట గొణిగింది. గొణుగు నీళ్లలో పడి మునిగిపోయింది. మళ్లీ ఊపిరి తీసుకుంది. ముప్పావు జన్మ నోట్లోనే దాచుకున్నదాన్ని, మొగుడికీ ఇవ్వనిదాన్ని, దేవుడికీ ఇవ్వనిదాన్ని, ఆ వేలెడు సందులోకి, వీధి వీధంతా వినబడేలా, గిరి బతుకులో మొట్టమొదటిసారిగా వినేలా ఎలుగెత్తి పిలిచింది:

“గోవిందయ్యా!”